‘ఎండకొచ్చింటాదిలే’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఎండకొచ్చింటాదిలే, గమ్మున పడుకో’ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే కుశలం మీకొక్కరికే ఉంది. మార్చి నుంచి జూన్ దాకా కర్నూలు జిల్లాలో ఎవరి తల నొచ్చినా, నాడి పట్టకుండా రోగం తేల్చేది మీరే. ఫీజు అడగరు. గంటలు మాత్రం తింటారు.

మీ గొప్ప మీకు ముందే ఒప్పుకుంటాం. చాలాసార్లు మీ మాటే నిజం. మిట్టమధ్యాహ్నం మిరప కళ్లంలో తిరిగొచ్చినవాళ్లకు తల పట్టేస్తుంది. కానీ ఎండనొప్పికి ఒక తీరుంది: మెల్లగా ఎక్కుతుంది, దప్పికనూ చిక్కటి పసుపుపచ్చ మూత్రాన్నీ వెంటబెట్టుకొస్తుంది. నీడన కూర్చోబెట్టి, లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తే దిగుతుంది. పైన ఒక నన్నారి షర్బత్ తాగినా మాకు పేచీ లేదు. మనిషి మాట తడబడితే, ఒళ్లు కాలిపోతుంటే మాత్రం అది వడదెబ్బ. దానికి ఆసుపత్రే.

మా పేచీ వేరే నొప్పి దగ్గర. మధ్యాహ్నం 2:10. భోంచేసి చెయ్యి కడుక్కుంటున్న మనిషి ఉన్నట్టుండి తల పట్టుకుని, ‘రోకలితో ఏసినట్టుందే’ అంటాడు. ఏమీ లేని చోట నుంచి భరించలేనంత దాకా పోవడానికి నిమిషం పట్టలేదు. ఎంత నొచ్చిందన్నది తర్వాత, ఎంత వేగంగా ఎక్కిందన్నదే ముందు అడగాలి. పార్శ్వనొప్పి కూడా ప్రాణం తీసినంత పని చేస్తుంది, కానీ అది సాధారణంగా మెట్టు మెట్టూ ఎక్కుతుంది. ఇది మిద్దె మీంచి దూకుతుంది. మెదడు అడుగున రక్తనాళం గోడ పలుచబడి బుడగలా ఉబ్బి, ఆ బుడగ చిట్లితే ఇట్లా వస్తుంది. బీపీ, పొగతాగుడు ఆ బుడగకు మేత. వాంతులవుతాయి, కొందరికి స్పృహ తప్పుతుంది. కొన్ని గంటలకు మెడ బిగుసుకుని గదమ రొమ్ముకు ఆనదు. మెడ బాగానే వంగుతోందని మొదటి గంటలోనే సంబరపడేదీ మీరే. ఇట్లా వచ్చిన ప్రతి నొప్పీ నెత్తురు చిట్లడమేం కాదు. అయితే ఆ తీర్పు చెప్పాల్సింది స్కాను.

కానీ కొలువు మీది కదా. రెండుంపావుకు బామ్. రెండున్నరకు అంగట్లోంచి ఆస్పిరిన్ ఉన్న మాత్ర. మూడింటికి ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేస్తారు, ఘాటు రాలేదు గనుక దిష్టేనని తీర్మానం. నాలుగింటికి ఊళ్లో సూది. నొప్పి రవ్వంత తగ్గిందా, ‘సూడు, తగ్గె గదా’ అని మీ పేరు ఇల్లంతా మోగుతుంది. లోపల నెత్తురు కారినా సూదికి నొప్పి తగ్గొచ్చు సామీ, అది రుజువు కాదు. ఆ మాత్ర సంగతి ఇంకా అన్యాయం: ఆస్పిరిన్ నెత్తురును గడ్డకట్టనివ్వదు. కారే కుండకు ఇంకో బెజ్జం. ఇంత చేసి, ‘పొద్దున ఫస్టు బస్సుకు పోదాం’ అంటారు. చిట్లిన బుడగ మళ్లీ చిట్లే ప్రమాదం ఎక్కువుండేది ఆ మొదటి 24 గంటల్లోనే.

గడియారం ఎందుకు పట్టుకున్నామంటే, నొప్పి మొదలైన 6 గంటల్లోపు తీసిన సీటీ స్కానులో ఆ నెత్తురు దాదాపు తప్పకుండా కనబడుతుంది. పొద్దు గడిచేకొద్దీ పలుచబడి కంటికి ఆనదు. అప్పుడు నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీసి చూడాల్సొస్తుంది. మన 2:10కి గడువు రాత్రి 8:10. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు 100 కిలోమీటర్లు, దారికే రెండు గంటలు. మీరు తిన్నది తీసేసి మిగిలింది వేళ్ల మీద లెక్కేసుకోండి.

కొందరికి పెద్దది చిట్లకముందే, రోజుల ముందో వారాల ముందో, ఇట్లాంటిదే ఒకటి వచ్చి పోతుంది. తగ్గిపోయింది కదా అని మీరు మీసం మెలేసేది అప్పుడే.

మీ చుట్టాల సంగతీ చెప్పాలి. ‘బాలింతకు నీళ్లు ఎక్కువియ్యద్దు’ అనే మీ పెద్దక్క ఉంది. గొంతెండితే నెత్తురు చిక్కబడుతుంది; అసలే కాన్పైన ఆరు వారాలూ మెదడు సిరల్లో గడ్డ కట్టే ముప్పు ఎక్కువ. కొత్తగా తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ కనబడితే ఆలస్యం చేయొద్దు. ఐదో నెల దాటిన గర్భిణికి తలనొప్పితో పాటు బీపీ 140/90కి చేరితే అది గుర్రపువాతానికి, అంటే గర్భిణికొచ్చే ఫిట్స్‌కు, ముందు కబురు కావచ్చు. కటింగ్ షాపులో మెడ టక్కుమనిపించుకున్నాక మెడ వెనక నొప్పి, తల తిరుగుడు వస్తే మెడలోని రక్తనాళం చీలిందేమో చూడాలి. కన్ను ఎర్రబడి, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనబడుతూ వాంతులైతే అది నీటికాసుల (గ్లకోమా, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) పని కావచ్చు, కంటి డాక్టరు దగ్గరికి ఆ పూటే పోవాలి. జ్వరంతో మెడ బిగిస్తే మెదడు పొరల వాపు కావచ్చు. వీటిలో ఒక్కదాన్నీ బామ్ ఆపలేదు.

కాబట్టి ఇకమీదట మా పద్ధతి ఇది. ముందు 108కి ఫోను. రోగిని బండి నడపనివ్వం, నడిపించం. వాంతవుతుంటే, మగతగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతాం, నోట్లో నీళ్లు కూడా పోయం. వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేస్తాం, నెత్తురు పలుచబడే మందుందా లేదా అన్నది డాక్టరు మొదట అడుగుతారు. జేబులో ఒక చీటీ పెడతాం:

‘2:10. ఉన్నట్టుండి. నిమిషంలోపే ముదిరింది. వాంతులు రెండు. బీపీ ఉంది, మాత్ర మానేసి నెలైంది. ఆస్పిరిన్ ఇవ్వలేదు.’

కారణం అన్న చోట ఖాళీ వదిలేస్తాం. అక్కడ మీ పేరు రాయం.

ఇట్లు,
కర్నూలు జిల్లా తలకాయలు