సఙత్ లాయక్!

ఇండోనేషియాలోని జావా దీవి లిపి నేర్చుకునే కష్టాలు తీరిపోయాయని సంతోషంగా ప్రకటిస్తున్నాను. యోగ్యకర్తాలోనూ, మధ్య, తూర్పు జావా బడుల్లోనూ జావా భాష స్థానిక పాఠ్యాంశం. లిపీ అందులో భాగమే. దాన్ని నేర్పే యాప్‌లు, పవర్‌పాయింట్లు, యానిమేషన్లు తయారుచేయడం అక్కడి బీఈడీ చదువుల్లో కుటీర పరిశ్రమ. తయారైనదాన్ని నిపుణులు పరీక్షించి మార్కులు వేస్తారు. తీర్పు తరచూ ఒకటే: 'సఙత్ లాయక్', అంటే చాలా యోగ్యం. మన లాయకే. అరబ్బీ మాట, ఓడెక్కి అటు కూడా వెళ్లింది. నాలాయక్ మాత్రం ఓడ దిగినట్టు లేదు.

(మన బాలశిక్షలో పెన్షన్ తీసుకుంటున్న ఙ అక్కడ ఇంకా డ్యూటీలో ఉంది. 20 అక్షరాల్లో చివరిది అదే.)

లిపి మనకు చుట్టమే. పల్లవుల లిపి నుంచి పుట్టిన కావి, దాన్నుంచి ఇది. మన గుడికి అక్కడ 'వులు', కొమ్ముకు 'సుకు', పొల్లుకు 'పంకోన్', వత్తుకు 'పసంగన్'. తిప్పలన్నీ వత్తుతోనే. మాటల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి 'మఙన్ తెంపే' (తెంపే అనే సోయా వంటకం తినడం) రాస్తే రెండో మాటలోని త వెళ్లి మొదటి మాట చివరి న కింద వత్తుగా వేలాడుతుంది. అంటే చెయ్యి కదిలేలోపే తర్వాతి మాట ఏమిటో బుర్రకి తెలియాలి. కాగితం మీద పదిసార్లు చెరిపి రాస్తే తప్ప పట్టుబడదు.

చెరపడం పాతకాలపు పద్ధతి. ఇప్పుడు నాలుగు ఆప్షన్లుంటాయి. తప్పు నొక్కితే 'టింగ్' అనదు, ఇంకోటి నొక్కాలి. 2009లో యూనికోడ్‌లోకి వచ్చిన లిపిని ఇంకా పెన్సిల్‌తో అరగదీయడం దానికి అవమానం కూడాను. ఫోన్‌లో ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి, నిజమే. డబ్బా గీయడం ఎంత తేలిక!

నేనూ ఒక యాప్ దించుకున్నాను. రాయడం నేర్పే యాపే. అరగంటలో అన్ని లెవెళ్లూ దాటి, మూడు నక్షత్రాలు, ఒక కప్పు గెలిచాను. ఆ ఊపులో కాగితం తీసి మొట్టమొదటి అక్షరం 'హ' రాయబోతే పీత వచ్చింది. పీతకు యాప్‌లో ఆప్షన్ లేదు కాబట్టి దాన్ని తప్పుగా లెక్కించనక్కర్లేదు.

యాప్ సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. జావా లిపి రాయడంలో నేను ప్రవీణుణ్నట. దాని మీద నా పేరుంది, ఇంగ్లిషు అక్షరాల్లో.