మాట రాకపోతే ముందు చూడాల్సింది చెవిని

రెండేళ్లు నిండినా పిల్లాడు ‘అమ్మ’, ‘తా’ దగ్గరే ఆగిపోయాడంటే మా కర్నూలులో ఆ ఇంటికి సలహాల కరువుండదు. వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించమని ఒకరు, గుడిగంటలో పోసిన నీళ్లు తాగించమని ఒకరు, చిలక కొరికిన జామకాయ పెట్టమని ఇంకొకరు. నాలుక కింద నరం కోయిస్తే గడగడా మాట్లాడతాడని పక్కింటాయన. అందరిదీ విన్నాక జేజి (మా వైపు నాయనమ్మ) తీర్పు చెప్తుంది: “వాళ్ల నాయనకు మాత్రం? మూడేండ్లు నిండినాంక గదా మాటొచ్చింది. వస్తాదిలే, ఊరికే గాబరా పడొద్దండి.”

ఈ సలహాలన్నీ నాలుక చుట్టూనే తిరుగుతాయి. చెవి ఊసు ఒక్కరూ ఎత్తరు.

జేజి మాటను తీసిపారేయడానికి లేదు. రెండేళ్ల పిల్లల్లో నూటికి పది, పదిహేను మందికి మాట ఆలస్యమవుతుంది. వాళ్లలో సగానికి పైగా బడి ఈడు వచ్చేసరికి తోటివాళ్లను అందుకుంటారు. మగపిల్లల్లో ఇది ఎక్కువ, వంశంలో రావడమూ నిజమే. చిక్కల్లా ఏమిటంటే, జేజి చెప్పే కథల్లో మాట వచ్చినవాళ్లే ఉంటారు. రానివాళ్లకు ఊరు ‘మూగోడు’ అని పేరు పెట్టి ఎప్పుడో లెక్కలోంచి తీసేసింది. రెండేళ్లప్పుడు మాత్రం ఆ ఇద్దరూ పైకి ఒక్కలాగే కనిపిస్తారు.

వాడికి ఎంత అర్థమవుతోందో చూస్తే కొంత తేడా తెలుస్తుంది. చేత్తో సైగ చేయకుండా “చెప్పులు తేపో” అంటే తెస్తాడా? పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? మిద్దె మీద కాకిని వేలెత్తి మీకు చూపిస్తాడా? ఇవన్నీ ఉండి మాట ఒక్కటే వెనకబడితే ఊరట పడొచ్చు. వేలెత్తి చూపడమే లేకపోయినా, వచ్చిన నాలుగు మాటలూ పోయినా ఒక్కరోజు ఆగకూడదు. ఆటిజం ఉందేమో చూడమని పిల్లల డాక్టరును అడగాలి. రెండింటిలో ఏదైనా చెవి పరీక్ష తప్పదు.

వినికిడి లోపంతో పుట్టే పిల్లలు వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురు. ఇంట్లో ఎందుకు పట్టుకోలేకపోతారంటే, చెవుడంటే ఏమీ వినపడకపోవడమే అనుకుంటాం. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడే పిల్లాడికి ‘స’, ‘క’, ‘త’ లాంటి సన్నటి శబ్దాలు అందకపోవచ్చు. వాడికి మన మాటంతా పక్కగదిలోంచి వచ్చే గొణుగుడే. పుట్టుకతో బాగున్న చెవి కూడా జలుబు చేసినప్పుడల్లా లోపల నీరు చేరి నెలల తరబడి మందగిస్తుంది. నొప్పి ఉండదు, చీము కారదు, ఎవరికీ అనుమానం రాదు.

మా బంధువుల పిల్లాడికి జరిగింది ఇదే. ఇరవై రెండో నెలలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. పిల్లాడు తిరిగి చూశాడు. “చెవులు బ్రహ్మాండం” అని టానిక్ రాసిచ్చాడు. వాడు చూసింది గోడ మీద చేతుల నీడని. ఎనిమిది నెలలు పోయాక అసలు పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ నీరు. వైద్యం చేయించాక కూడా మాట ఊడిపడలేదు, ఇంకో ఏడాది పట్టింది. నాకిప్పటికీ ఆ చప్పట్ల మీదే కోపం. చెవిలో చిన్న బిరడా పెట్టి చేసే ఓఏఈ పరీక్ష నిమిషాల పని. అనుమానం ఉంటే పిల్లాడు నిద్రపోతుండగా తలకు తీగలు అంటించి చేసే బెరా పరీక్ష ఉంది. లెక్కప్రకారం పుట్టిన నెలలోపు ఒకసారి చెవి చూడాలి, మూడు నెలలకల్లా లోపం ఉందో లేదో తేల్చాలి, ఆరు నెలలకల్లా యంత్రమో వైద్యమో మొదలవ్వాలి.

మన సీమలో పుట్టుచెవుడుకు ఇంకో కారణం కూడా ఉంది, మేనరికం. అక్క కూతుర్ని చేసుకుంటే ఇద్దరి జన్యువుల్లో పావువంతు ఉమ్మడివి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే ఎనిమిదో వంతు. వంశపారంపర్యంగా వచ్చే పుట్టుచెవుడులో ఎక్కువ భాగం, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం అందితేనే బయటపడే రకం. పెళ్లి అయిపోయాక ఎవర్నీ తప్పుపట్టి లాభం లేదు. ఆ ఇళ్లలో పుట్టిన బిడ్డకైనా చెవి పరీక్ష కాకుండా ఆస్పత్రి గడప దాటనివ్వకూడదు.

ఇక వస. ఎక్కువ మాట్లాడేవాళ్లను ‘వసపిట్ట’ అని, ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా’ అని అంటూ అంటూ అది నిజంగా మాట తెచ్చే మందని నమ్మేశాం. ఆ కొమ్ములో బీటా అసరోన్ అనే హానికర పదార్థం ఉంటుంది. దాన్ని ఆహారంలో కలపకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది. పసిబిడ్డలకు వాంతులు పట్టుకోవడమూ ఉంది. నాలుక కింద నరం సంగతంటారా, అది పట్టేసి ఉంటే కొన్ని అక్షరాలు సరిగా పలకవు తప్ప మాట మొదలుకాకుండా ఆపదు.

మాటలు లెక్కపెట్టడంలోనూ పొరపాట్లున్నాయి. రెండేళ్లకు రెండు మాటలు కలపాలన్నది మామూలు కొలత. అది ఇంగ్లిష్ పిల్లల్ని చూసి తయారైంది. మన పిల్లాడు ‘తాతొచ్చె’, ‘పాలొద్దు’ అంటే చెవికి ఒక్కటే మాట, లోపల రెండున్నాయి. బువ్వ, లాల, జోజో, చిచ్చి కూడా లెక్కలోకి వస్తాయి, ఎప్పుడూ ఒకే అర్థంతో అంటే చాలు. (మా పిల్లలకు ‘జేజి’ అంటే నాయనమ్మా, దేవుడూ. నాయనమ్మకు అభ్యంతరం లేదు.) కర్నూలు పాతబస్తీలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కర్ణాటక అంచున హొళగుంద వైపు కన్నడం, తెలుగు. రెండు భాషల వల్లే మాట ఆగిందని, ఒకటి మానేయమని చెప్పే డాక్టర్లు ఇంకా ఉన్నారు. అది తప్పు. ‘పానీ’నీ ‘నీళ్లు’నీ కలిపే లెక్కపెట్టాలి. జేజికి వచ్చిన భాషను ఇంట్లోంచి తీసేస్తే పిల్లాడికి ఉన్న మాటల తోడు కూడా పోతుంది.

ఫోన్ విషయంలో అందరూ తిట్టేదే నేనూ తిట్టను. రెండేళ్లలోపు తెర వద్దని, ఆ తర్వాత ఐదేళ్ల దాకా రోజుకు గంటకు మించొద్దని పిల్లల డాక్టర్ల సంఘం చెప్తోంది. దూరాన ఉన్న అయినవాళ్లతో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఉంది. నన్ను భయపెట్టేది వేరే. “మావాడు ఇంగ్లిష్ రైమ్స్ అన్నీ పాడతాడు” అని మురిసిపోయే ఇళ్లలో ఆ పిల్లాడు దాహమేస్తే నీళ్లడగడు, వేలు పట్టి కుండ దగ్గరికి లాక్కెళ్తాడు. పాట అప్పజెప్పడానికి అవతల మనిషి అక్కర్లేదు. మాటకు కావాలి.

ఆ మనిషి దొరకని పిల్లలు మా జిల్లాలో కోసిగి, పెద్దకడుబూరు వైపు ఎక్కువ. ఇల్లూవాకిలీ వదిలి సుగ్గికి (కోతల కాలం కూలికి) గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలు కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతాయి, కొందరిని జేజి దగ్గర వదిలిపోతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి, మాట ఆలస్యమైనవాళ్లను జిల్లా కేంద్రానికి పంపాలి. కాగితం మీద మంచి ఏర్పాటే. బృందం వచ్చిన రోజు పిల్లాడు గుంటూరులో ఉంటాడు. వాడు వచ్చిన రోజు బృందం రాదు. తీరా పేరు నమోదైనా, వారం వారం కోసిగి నుంచి కర్నూలుకు స్పీచ్ థెరపీకి రావాలంటే ప్రతిసారీ ఒక కూలి పోతుంది, చార్జీలు వేరే.

థెరపిస్టు వారానికి ఒక గంట చేసేదాని కన్నా మిగతా రోజుల్లో ఇంట్లో జరిగేదే ఎక్కువ. “ఇదేంది? చెప్పు, చెప్పు” అని పిల్లాడికి పరీక్ష పెట్టకుండా, వాడు దేన్ని చూస్తుంటే దాని పేరు అనడం, “బువ్వ కావాలా, పాలు కావాలా?” అని అడిగి, పది లెక్కపెట్టేంతసేపు నోరు కట్టుకుని ఎదురుచూడటం, వాడు ‘పా’ అంటే ‘పాలు, వేడి పాలు’ అని అందివ్వడం. ఇది నేర్చుకోవాల్సింది జేజి. కాబట్టి జిల్లాలో ఇంకో భవనం కట్టే డబ్బుంటే, దాన్ని జేజిలకు నేర్పడానికి, తల్లుల బస్సు చార్జీలకు, ఫోన్లో నడిచే థెరపీకి పెట్టమంటాను. ఆ రెండు తనిఖీల్లో ఒకటి సుగ్గికి పోయినవాళ్లు ఊరు చేరాక, మే నెలలో పెట్టాలి, బృందం చేతిలో ఓఏఈ యంత్రం ఉండాలి.