“లైబ్రరీ వెబ్‌సైట్ చెయ్యడం కూడా ఒక చదువా?” అన్న మెసేజ్‌కి నా జవాబు

ఈ నెల్లో ఒకే మెసేజ్ నాకు నాలుగు వైపుల్నుంచి వచ్చింది, లైబ్రరీ సైన్స్ బ్యాచ్ గ్రూపులో, మా వీధి గ్రూపులో, ఒక సంస్థ వాలంటీర్ల గ్రూపులో, ఆఖరికి మా పిన్ని కూడా “నీ గురించేరా ఇది” అని నవ్వు బొమ్మలు పెట్టి మరీ పంపింది. అందులో ఉన్నది ఏటంటే, లైబ్రరీ సైన్స్ పిల్లలకీ చిన్న సంస్థల్లో పనిచేసేవాళ్ళకీ వెబ్‌సైట్ డిజైన్ నేర్పించడం దండగ, టెంప్లేట్ (ముందే చేసి పెట్టిన డిజైన్) కొంటే సాయంత్రానికి సైట్ రెడీ, ఇప్పుడు ఏఐ వచ్చింది కాబట్టి ఆ కష్టం కూడా లేదు, యాక్సెసిబిలిటీ, అంటే వికలాంగులు కూడా వాడుకునేలా సైట్ చెయ్యడం అన్నది అమెరికా వాళ్ళ గోల, మన దగ్గర చూపులేనివాళ్ళు వెబ్‌సైట్లు చూడరు, అంతగా కావాలంటే మూల వీల్‌చెయిర్ బొమ్మ బటన్ ఒకటి పెట్టీస్తే సరి, తెలుగైతే బొమ్మగా చేసి ఎక్కించీస్తే ఏ ఫోన్లోనైనా చక్కగా కనిపిస్తాది, మన దేశంలో దీనికి చట్టం కూడా ఏటీ లేదు. కింద మూడు దండాలు, “నిజమైతే షేర్ చెయ్యండి”.

నిజం కాదు కాబట్టి షేర్ చెయ్యట్లేదు, జవాబు రాస్తన్నాను. నాది శ్రీకాకుళం. పగలు ఒక కాలేజీ లైబ్రరీలో పని, రాత్రుళ్ళు చిన్న సంస్థలకి సైట్లు చేస్తాను. మొదటి మూడేళ్ళు ఆ మెసేజ్‌లో ఉన్నదంతా నేనూ నమ్మినోడినే, అందుకే కాస్త ఎక్కువ మండుతోంది.

టెంప్లేట్ కొంటే సాయంత్రానికి సైట్ రెడీ అవుతాది, అందులో అబద్ధం లేదు. నేను మొదట చేసిన గ్రంథాలయం సైటు, పేరెందుకులెండి, అలాగే చేసాను. పైన పెద్ద స్లైడర్, అందులో పుస్తకాల ఫొటోలు కదుల్తా ఉంటాయి, దాని కింద అధ్యక్షులవారి సందేశం, మా ఆశయం, మా లక్ష్యం, కమిటీ వాళ్ళు చూసుకుని శాలువా కప్పినంత పని చేసారు. నెల తిరక్కుండా ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చి, “బాబూ, ఆదివారం తీసుంటాదో లేదో నీ సైట్లో చూద్దామని అరగంట తిరిగాను, దొరకలేదు, సర్లే అని ఆటో ఎక్కి వచ్చీసాను, తీరా చూస్తే తాళం” అన్నారు. టైమింగ్స్ లేక కాదు, ఉన్నాయి, ‘మా గురించి’ అన్నదాని లోపల ‘సాధారణ సమాచారం’లో మూడో పేరాలో ఉన్నాయి.

నాకు రోషం వచ్చి ఆయన్ని కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చి, ఇప్పుడు వెతకండి మాస్టారూ అన్నాను, పక్కన నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన వేలు ముందు స్లైడర్ మీదకి వెళ్ళింది, చదవబోయేలోపు అది జరిగిపోయింది, మళ్ళీ వేలు పెట్టారు, మళ్ళీ జరిగిపోయింది, “ఇదేటిది, చదవనివ్వదు” అన్నారు. పైన మూలనున్న మూడు గీతల దగ్గర ఆయన ఒక్కసారి కూడా ఆగలేదు, అది మెనూ అని నాకు తెలుసు, మీకు తెలుసు, ఆయనకి మాత్రం మూడు గీతలు. కిందకి వచ్చి లేత బూడిద రంగు అక్షరాల దగ్గర ఫోన్ దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, “ఇక్కడ ఏదన్నా రాసుందా బాబూ?” అన్నారు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఆ బూడిద రంగు నేనే ఏరికోరి పెట్టాను, క్లాస్‌గా ఉంటాదని.

ఆ పది నిముషాలకి ఉన్న విలువ నేను కొన్న ఏ టెంప్లేట్‌కీ లేదు. తర్వాత చదువుకుంటే తెలిసింది, నాకు తగిలిన తప్పులన్నీ ఎవరో ఎప్పుడో రాసి పెట్టినవే. డబ్ల్యూసీఏజీ అని, వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండడానికి నియమాల పత్రం ఒకటుంది, మొదటిది 1999లో వచ్చింది, 2.2 వెర్షన్ 2023లో. మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కి 1 ఉండాలని అందులో ఉంది, దానంతటది కదిలేది 5 సెకన్లు దాటితే ఆపుకునే వీలుండాలని కూడా ఉంది, అంటే నా స్లైడరూ నా బూడిద రంగూ రెండూ ఫెయిలే. నేనొక్కణ్ణే కాదులెండి, యాక్సెసిబిలిటీ మీద పనిచేసే వెబ్‌ఎయిమ్ అనే సంస్థ వాళ్ళు 2025లో పది లక్షల సైట్ల హోమ్‌పేజీలు పరీక్షిస్తే 79.1 శాతం వాటిల్లో ఈ రంగుల తప్పే దొరికింది. మన లైబ్రరీ వాళ్ళకి ఇంకా సిగ్గుచేటు, మన గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ గారు 1931లోనే అయిదు సూత్రాల్లో నాలుగోదిగా పాఠకుడి సమయం ఆదా చెయ్యాలని చెప్పారు, అది బట్టీ పట్టి పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాం, సైట్ దగ్గరకొచ్చేసరికి టైమింగ్స్ కంటే అధ్యక్షుడి ఫొటో పైన ఉంటాది.

ఏఐ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టైమింగ్స్ పైన పెట్టు అంటే పెడతాది. పెట్టమనాలని తెలియాలంటే మాస్టారి పక్కన కూర్చోవాలి.

తర్వాత నాకు ఎక్కువ కోపం తెప్పించిన మాట, చూపులేనివాళ్ళు వెబ్‌సైట్లు చూడరని. మా లైబ్రరీకి ఒక కుర్రాడొస్తాడు, పుట్టుకతో చూపు లేదు, డీఎస్సీకి ప్రిపేర్ అవుతన్నాడు, ఫోన్లో టాక్‌బ్యాక్, అంటే తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్, ఎంత స్పీడ్‌లో పెట్టుకుంటాడంటే నాకు ఒక్క ముక్క అర్థం కాదు, వాడు మాత్రం వింటూ టీ తాగుతూ నాతో మాట్లాడుతూ ఉంటాడు. ఒకరోజు నేను గొప్పగా, తమ్ముడూ మన లైబ్రరీకి కొత్త సైట్ పెట్టాను చూడు అన్నాను. తెరిచాడు. “అన్‌లేబుల్డ్, బటన్.” వేలు జరిపాడు. “అన్‌లేబుల్డ్, బటన్.” ఇంకోటి. “అన్‌లేబుల్డ్, బటన్.” నవ్వుతూ, “అన్నా, నీ బటన్లకి ఇంకా బారసాల చెయ్యలేదేటి?” అన్నాడు. వెతికేదానికి భూతద్దం బొమ్మ, ఇంటికి ఇల్లు బొమ్మ, ఫోన్‌కి ఫోన్ బొమ్మ, చూసేవాడికి ముద్దుగానే ఉన్నాయి, వెనక కోడ్‌లో మాత్రం ఏ బటన్‌కీ పేరు లేదు.

స్క్రీన్ రీడర్ చదివేది మనం చూసే బొమ్మని కాదు, కోడ్‌లో ఉన్న పేర్లని, హెడింగులని, వరసని. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు హెచ్ నొక్కి ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కి గెంతుతారు, మనం పేపర్ మీద పైపైన కళ్ళు పరిగెత్తించినట్టే. నేనేమో హెడింగ్ ట్యాగ్ పెట్టకుండా అక్షరాలు లావుగా, పెద్దగా చేసి హెడింగ్ అనుకున్నాను, దాంతో వాడికి నా పేజీ అంతా ఒకటే పేరా, తల నుంచి తోక దాకా వినాల్సిందే. ఆ ఎన్‌వీడీఏ ఉచితం. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే ఆయన 2006లో మొదలుపెట్టాడు, ఆయనకీ చూపు లేదు, కంప్యూటర్‌కి చూపున్నవాళ్ళు పెట్టేదానికంటే ఎక్కువ డబ్బు పోసి చూపులేనివాళ్ళు స్క్రీన్ రీడర్ ఎందుకు కొనాలన్నది ఆయన పట్టుదల. టాక్‌బ్యాక్ అయితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నప్పుడే ఉంటాది. కాబట్టి చూడరు అన్నది తప్పు, చూస్తారు, చూసి మన బటన్ల దగ్గర ఆగిపోతారు. గెడ్డ మీద వంతెన కట్టకుండా, అవతల ఊరోళ్ళు ఎవరూ ఇటు రావట్లేదు కదా ఇంక వంతెనెందుకు అన్నట్టుంది ఈ వాదన.

లెక్క కావాలంటే 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. మా మాస్టారు ఆ లెక్కలో లేరు, ఆయనకి ఉన్నది శుక్లాలూ డెబ్బై ఏళ్ళూ.

మూల పెట్టే వీల్‌చెయిర్ బటన్ గురించి. అది నొక్కితే అక్షరాలు పెద్దవి చెయ్యి, రంగులు తిప్పు, చదివి వినిపించు అని ఒక డబ్బా తెరుచుకుంటాది. అక్షరాలు పెద్దవి చేసుకోవడం బ్రౌజర్లోనే ఉంది. చదివించుకోవడానికి ఆ కుర్రాడి ఫోన్లో వాడి స్క్రీన్ రీడర్ వాడికుంది. నేను ఆశకొద్దీ అలాంటి బటన్ ఒకటి పెడితే ఇదొక గొంతు అదొక గొంతు, రెండూ ఒకేసారి మొదలయ్యాయి, పెళ్ళింట్లో పక్కపక్కనే రెండు మైకులు పెట్టినట్టు. పేరులేని బటన్లు మాత్రం పేరులేకుండానే ఉన్నాయి, ఎందుకంటే ఏ బొమ్మ బటన్ దేనికి అన్నది పక్కాగా తెలిసింది పెట్టిన నాకే. ఇది నా ఒక్కడి చాదస్తం కాదు, ఇలాంటి ప్లగిన్ అమ్మే యాక్సెసిబీ అనే కంపెనీ, మా టూల్ వేస్తే ఏ సైటైనా నియమాలకి సరిపోతాదని ప్రచారం చేసుకున్నందుకు 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 10 లక్షల డాలర్లు కట్టాల్సొచ్చింది. మెసేజ్ రాసినాయన అమెరికా వాళ్ళ గోల అన్నారు కదా, ఆ గోల చేసినవాళ్ళే ఆ బటన్ ప్రచారాన్ని తప్పుపట్టారు.

ఇక తెలుగుని బొమ్మగా ఎక్కించడం. ఇది వేరేవాళ్ళ గోల అనడానికి కూడా లేదు, ఇది మనం మనకి చేసుకుంటున్నది. ఎలా జరుగుతాదో మీకూ తెలుసు, నోటీసు డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టిస్తాం, దాన్ని జేపెగ్ చేయిస్తాం, లేదంటే పీడీఎఫ్, తిన్నగా సైట్‌లోకి. కంటికి బ్రహ్మాండం. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి, తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ బ్రాకెట్లూ కలగాపులగంగా వస్తాయి, ఎందుకంటే లోపల ఉన్నవి ఆ అక్షరాలే, మీద తెలుగు వేషం వేసారంతే. స్క్రీన్ రీడర్‌కి వేషం కనపడదు, లోపలున్నదే చదువుతాది. గూగుల్‌కీ అంతే, మీ నోటీసులో ‘పుస్తక ప్రదర్శన’ అని ఎంత లావుగా ఉన్నా ఆ మాట వెతికినోడికి మీ నోటీసు దొరకడం కష్టం. జేపెగ్ అయితే అసలు అక్షరమే లేదు, ఆ కుర్రాడి ఫోన్ ఒకసారి మా పరీక్షల నోటీసు బదులు దాని ఫైలు పేరుని ‘ఐఎంజీ అండర్‌స్కోర్’ అని మొదలుపెట్టి ఎనిమిది అంకెలు చదివింది.

కథానిలయం ఉన్న ఊరు మనది. కారా మాస్టారు, అదే కథకుడు కాళీపట్నం రామారావు గారు, 1997లో దాన్ని మొదలుపెట్టి ఎక్కడెక్కడి పాత పత్రికల్లోంచో తెలుగు కథలు పోగేసారు, అంత శ్రమ ఎందుకంటే ఎవరైనా ఒక కథ కోసం వెతుక్కుంటూ వస్తే దొరకాలని. ఆ ఊళ్ళో కూర్చుని, వెతికితే దొరకని తెలుగుని సైట్లలో పెడుతున్నాం మనం.

ఏ భాష అక్షరానికి ఆ కోడ్ ఇచ్చే యూనికోడ్ అనే పద్ధతిలో తెలుగు 1991 నుంచీ ఉంది, దాంట్లో టైప్ చేస్తే సగం బాధ పోతాది. మిగతా సగం నేర్చుకోవాలి, ఇంగ్లీషు పాఠాల్లో ఉండదు. టెంప్లేట్ కోడ్‌లో మొదట్లోనే పేజీ భాష ఇంగ్లీషు అని రాసుంటాది, తెలుగు పేజీకి దాన్ని ‘టీఈ’ అని మార్చాలి, లేకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో తెలుగుని కుళ్ళబొడవొచ్చు, లేదా మొత్తానికి మింగీయొచ్చు. రెండోది లైన్ల మధ్య ఎడం. ఇంగ్లీషు అక్షరాల లెక్కన పెట్టిన ఎడంలో మన వత్తులు పట్టవు, ‘రాష్ట్రం’ అని రాస్తే ష కింద ట వత్తు, దానికి రకారం, ఇంత దూరం కిందకి దిగాలి, మెనూ డబ్బా మధ్యలో కోసీస్తాది. నేను లైన్ ఎడం 1.7 పెడతాను, డబ్బాలకి ఎత్తు కట్టెయ్యను, కొలిచి చెప్పిన సూత్రం కాదు, చేసి చేసి కుదిరింది.

చట్టం లేదన్నారు. ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే సమాచారం, టెక్నాలజీ అందుబాటు గురించి సెక్షన్ ఉంది, ప్రభుత్వ సైట్లకి జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, 2024 నవంబర్లో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చెయ్యాలంది, 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమేనంది. చిన్న సంస్థకి రేపే నోటీసొస్తాదని నేను భయపెట్టట్లేదు. కానీ గ్రంథాలయ సెస్ ఇంటి పన్నులోనే రూపాయికి 8 పైసలు వసూలవుతాది, ఆ కుర్రాడి వాళ్ళింట్లో కూడా కడతారు, చూపున్నవాళ్ళ దగ్గరే తీసుకోండని అందులో లేదు.

ఒక్క విషయంలో ఆ మెసేజ్ రాసినాయనతో ఏకీభవిస్తాను. ఊళ్ళో వెబ్ డిజైనింగ్ కోర్సు అని చెప్పి మూడు నెలలు ఫొటోషాప్ లేయర్లూ స్లైడర్లూ నేర్పించి సర్టిఫికెట్ ఇచ్చే చోట డబ్బు పొయ్యడం దండగే, నేను పోసాను కాబట్టి చెప్తన్నాను. పనికొచ్చేదంతా ఉచితంగానే దొరికింది. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్ళ పునాది కోర్సు ఉచితం, పేజీలో తప్పులు చూపించే వేవ్ అనే టూల్ ఉచితం, మౌస్ పక్కన పెట్టి ఒట్టి ట్యాబ్ కీతో సైట్ చివరిదాకా వెళ్ళగలమా అని చూడ్డానికి కీబోర్డ్ చాలు. టూల్ తప్పులేవీ లేవందని సంబరపడకండి, బటన్‌కి పేరుందా లేదా అన్నదే దానికి తెలుసు, ఆ పేరు సరైందా కాదా అన్నది మనిషే చెప్పాలి. నా భూతద్దం బొమ్మకి తొందర్లో ‘బటన్ 1’ అని పేరు పెడితే టూల్ పాస్ చేసింది, కుర్రాడు చెయ్యలేదు.

మెసేజ్ షేర్ చేసినవాళ్ళు ఈ రాత్రి మీ ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, మీ సంస్థ సైట్లో ఫోన్ నంబర్ వెతకండి. ఆన్ చేసే ముందు ఆఫ్ చెయ్యడం ఎలాగో చూసి పెట్టుకోండి, అది ఆన్‌లో ఉంటే ఒకసారి తడితే పేరు చెప్తాది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటాది, పైకి కిందకి జరపాలంటే రెండు వేళ్ళు కావాలి. నేను ఇవేవీ తెలీకుండా మొదటిసారి రాత్రి పదకొండింటికి ఆన్ చేసాను, అరగంట సేపు ఫోన్ ఆగకుండా మాట్లాడుతుంటే పక్క గదిలోంచి మా అమ్మ, “ఎవుర్తోరా ఇంత రాత్రి, పెళ్ళి సంబంధమా?” అంది.