ఓడించగల ప్రత్యర్థి కావాలి

ఈ శనివారం, 2026 మార్చి 7న, మన గడియారం ప్రకారం మధ్యాహ్నం మూడున్నరకు టోక్యో డోమ్‌లో జపాన్, దక్షిణ కొరియా బేస్‌బాల్ జట్లు తలపడుతున్నాయి. వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ఇద్దరూ మళ్ళీ ఒకే గ్రూపులో పడ్డారు. మర్నాడు ఆదివారమే టీ20 ప్రపంచకప్ ఫైనల్ పెట్టుకుని బేస్‌బాల్ మీద సంపాదకీయమేమిటని నొసలు చిట్లించేవారు ఉంటారు. తెలుగునాట ఈ ఆటను రాత్రులు మేల్కొని చూసేవారు గుప్పెడుమందే కావచ్చు. ఆ గుప్పెడులో మేమూ ఉన్నాం. ఆసియాలో క్రికెట్‌ను పక్కనపెడితే ఇంత పట్టుదలగా, ఇంత చరిత్రను భుజాన మోస్తూ సాగే పోరు మరొకటి మాకు కనిపించలేదు. అది ఇప్పుడు చప్పబడుతోందన్నదే మా దిగులు.

లెక్క చూడండి. కొరియా ప్రొఫెషనల్ జట్టు జపాన్ ప్రొఫెషనల్ జట్టును చివరిసారి ఓడించింది 2015 నవంబరు 19న, ఇదే టోక్యో డోమ్‌లో, పన్నెండు జాతీయ జట్లు ఆడే ప్రీమియర్12 టోర్నీ సెమీఫైనల్లో. ఆ తర్వాత 2019 ప్రీమియర్12 ఫైనల్, 2021లో యోకొహామాలో జరిగిన ఒలింపిక్ సెమీస్, 2023 క్లాసిక్, 2024లో తైపేలో జరిగిన ప్రీమియర్12 లీగ్ మ్యాచ్... అన్నీ జపాన్‌వే. 2023లో అయితే, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో మూడోదానిలో 3-0తో ముందంజలో ఉన్న కొరియా చివరికి 13-4తో చిత్తయింది. నిరుడు నవంబరులో టోక్యోలో ఆడిన రెండు సన్నాహక మ్యాచ్‌లలో మొదటిది 11-4తో పోయింది. రెండోదానిలో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఇద్దరు ఔటయ్యాక, మూడో ఔటుతో ఆట ముగిసేలోపు, కిమ్ జు-వోన్ హోమ్‌రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) కొట్టడంతో 7-7 దగ్గర సమమైంది. ఆ ‘సమం’ దక్కినందుకే సియోల్‌లో పండగ చేసుకున్నారంటే పరిస్థితి ఎక్కడికి వచ్చిందో అర్థమవుతుంది.

ఇది ఎప్పుడూ ఇలా లేదు. 1982లో సియోల్‌లోని జాంసిల్ మైదానంలో ప్రపంచ అమెచ్యూర్ టోర్నీ చివరి మ్యాచ్ ఈ ఇద్దరి మధ్యే జరిగింది. వలస పాలనను తేలికచేసి చూపేలా జపాన్ పాఠ్యపుస్తకాలను దిద్దుతోందంటూ కొరియా అట్టుడికిపోతున్న రోజులవి. ఎనిమిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి కొరియా 0-2తో వెనకబడి ఉంది. బ్యాటర్‌కు అందకూడదని దూరంగా విసిరిన బంతిని కిమ్ జే-బాక్ కప్పలా గాల్లోకి ఎగిరి బంట్ చేశాడు, అంటే బ్యాటు అడ్డుపెట్టి మెల్లగా తోశాడు. స్కోరు సమమైంది. ఆ వెంటనే హాన్ డే-హ్వా కొట్టిన మూడు పరుగుల హోమ్‌రన్ ఎడమవైపు ఫౌల్ స్తంభాన్ని తాకింది. 5-2. కొరియాలో ప్రొఫెషనల్ లీగ్ పుట్టింది కూడా ఆ ఏడాదే. ఆ దేశంలో ఒక తరం బేస్‌బాల్‌ను ప్రేమించడం మొదలుపెట్టింది ఆ ఎగిరిన బంట్‌తోనే అంటారు. మాకు నమ్మబుద్ధి అవుతుంది.

2006లో మొదటి క్లాసిక్‌కు ముందు, మరో ముప్ఫై ఏళ్ళపాటు జపాన్ జోలికి రాలేమని ఎదుటివాళ్ళకు అనిపించేలా గెలవాలని జపాన్ తార ఇచిరో అన్నాడు. ఆ మాట తమనే అన్నాడని కొరియా పట్టుకుంది. అప్పటికి జపాన్ క్లబ్బు యొమియురి జెయింట్స్‌లో చేరి ఉన్న కొరియా బ్యాటర్ లీ సుంగ్-యోప్ టోక్యో డోమ్‌లోనే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగుల హోమ్‌రన్ బాది 3-2తో గెలిపించాడు. పదిరోజులకే అమెరికాలోని అనహైమ్‌లో లీ జోంగ్-బోమ్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టి 2-1తో రెండోసారి ఓడించాడు. అయినా టోర్నీ ఏర్పాటు ఎలాంటిదంటే, అమెరికాను మెక్సికో ఓడించిన పుణ్యాన జపాన్ సెమీస్‌కు చేరి, మూడోసారి కొరియానే ఎదుర్కొని 6-0తో గెలిచింది. ఆరు గెలిచి ఒక్కటి ఓడిన కొరియా ఇంటికి పోయింది. మూడు ఓడిన జపాన్ కప్పు ఎత్తుకుపోయింది. ఈ అన్యాయాన్ని కొరియా అభిమాని ఇప్పటికీ మర్చిపోలేదు. మర్చిపోమని మేమూ చెప్పం.

రెండేళ్ళకు బీజింగ్ ఒలింపిక్స్ సెమీస్‌లో, టోర్నీ అంతా బ్యాటు మూగబోయిన అదే లీ సుంగ్-యోప్ మళ్ళీ ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే రెండు పరుగుల హోమ్‌రన్ కొట్టి, మ్యాచ్ అయ్యాక కెమెరాల ముందు బావురుమన్నాడు. తొమ్మిదికి తొమ్మిది గెలిచి కొరియా స్వర్ణం పట్టింది. జపాన్‌కు కంచు కూడా దక్కలేదు.

కానీ మమ్మల్ని అడిగితే, ఈ పోరుకు శిఖరం 2009 మార్చి 23 రాత్రి లాస్ ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియంలో జరిగిన ఫైనల్. ఒకే టోర్నీలో ఇద్దరూ ఎదురుపడటం అది అయిదోసారి. అంతవరకూ చెరి రెండు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మరొక్క ఔటయితే జపాన్‌దే కప్పు అన్న దశలో లీ బమ్-హో, బంతి విసిరే జపాన్ పిచ్చర్ డార్విష్ బంతిని కొట్టి 3-3 చేశాడు. సమం కావడంతో అదనంగా పదో ఇన్నింగ్స్, ముందు జపాన్ బ్యాటింగ్. ఇద్దరు ఔట్. రెండో బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు. మొదటి బేస్ ఖాళీ. బ్యాటు పట్టుకుని నిలిచింది ఇచిరో. టోర్నీ మొత్తం తడబడుతూ వచ్చి, ఆ రాత్రి మాత్రం చేతికి పట్టు దొరికించుకున్నాడు. మొదటి బేస్ ఖాళీగా ఉన్నప్పుడు అలాంటివాడికి వాక్ ఇచ్చి, అంటే బంతులు దూరంగా వేసి ఊరికే మొదటి బేస్‌కు పంపి, తర్వాతివాడి సంగతి చూసుకోవడం ఈ ఆటలో ఎవరైనా చేసే పని. కొరియా బెంచ్ ఉద్దేశమూ అతణ్ణి తప్పించడమేనని మేనేజర్ కిమ్ ఇన్-సిక్ తర్వాత చెప్పాడు. కానీ పిచ్చర్ లిమ్ చాంగ్-యోంగ్ తలపడ్డాడు. సంకేతం సరిగా అందలేదా, అందినా అహం అడ్డొచ్చిందా అని కొరియాలో ఇప్పటికీ వాదించుకుంటారు. ఇచిరో బంతి వెంట బంతిని ఫౌల్‌గా తోసేస్తూ వెళ్ళి ఎనిమిదో బంతిని మైదానం నడిమధ్యకు కొట్టాడు. రెండు పరుగులు. 5-3. ఓడిన కొరియావాడిక్కూడా ఆ ఎనిమిది బంతులు బంతి బంతికీ గుర్తుంటాయి. పోటీ అంటే అది. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన మ్యాచ్‌ను ఎనిమిది నిమిషాలు కూడా ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఆ టోర్నీలోనే ఒక రౌండులో జపాన్‌ను కట్టిపడేసిన పిచ్చర్ బోంగ్ జంగ్-గున్‌ను కొరియా అభిమానులు, 1909లో హార్బిన్ స్టేషన్‌లో జపాన్ నేత ఇతొ హిరొబుమిని కాల్చిన కొరియా వీరుడు ఆన్ జుంగ్-గున్‌తో పోల్చుకుని మురిసిపోయారు. గెలిచాక పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ మీద జాతీయ జెండా పాతడం 2006లోనూ 2009లోనూ జరిగింది. అది మాకు నచ్చలేదు. మట్టిదిబ్బ ఎవరి గడ్డా కాదు, పిచ్చర్లందరి పని స్థలం. 35 ఏళ్ళు పరాయి పాలనలో మగ్గిన దేశానికి ఆ కసి ఎక్కడినుంచి వస్తుందో మాకు తెలియక కాదు, మనకూ ఆ అనుభవం ఉంది. అయినా ఆ జెండా జపాన్ ఆటగాళ్ళలో రేపిన పంతమే ఆ తర్వాతి మ్యాచ్‌లలో కొరియా మెడకు చుట్టుకుందన్న అనుమానం మాది.

కసి ఒక్కటే ఉంటే ఈ పోరు ఇన్నాళ్ళు నిలిచేది కాదు. రెండు దేశాల బేస్‌బాల్ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంది. జపాన్ లీగ్‌లో 3,085 హిట్లతో ఈనాటికీ అగ్రస్థానాన ఉన్న హరిమొతో ఇసావో హిరోషిమాలో పుట్టిన కొరియన్, అసలు పేరు జాంగ్ హున్. అణుబాంబుకు అక్కను పోగొట్టుకున్నాడు. కొరియాలో లీగ్ పెట్టేటప్పుడు చేయూతనిచ్చిన వారిలో ఆయనా ఒకరు. 2006లో జపాన్‌కు కప్పు తెచ్చిన మేనేజర్ ‘సదహరు ఓ’ తండ్రి చైనా నుంచి వచ్చినవాడు. ఆ సదహరు పేరిట ఉన్న 55 హోమ్‌రన్ల ఆసియా సీజన్ రికార్డును 2003లో 56తో దాటింది లీ సుంగ్-యోప్. అనహైమ్‌లో జపాన్‌ను ఓడించిన లీ జోంగ్-బోమ్ అంతకుముందు నగోయాలో చూనిచి డ్రాగన్స్‌కు ఆడాడు. ఆ రోజుల్లోనే, 1998లో, నగోయాలో పుట్టిన కొడుకు లీ జంగ్-హూ ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటగాడు. శనివారం కొరియా చొక్కా వేసుకుని బరిలో దిగేదీ అతనే.

2024 ఆగస్టులో, హైస్కూల్ జట్ల జాతీయ టోర్నీ జరిగే కోషియెన్ మైదానంలో జరిగింది ఇంకా వింత. జపాన్‌లో హైస్కూల్ బేస్‌బాల్ అంటే మన దగ్గర పదో తరగతి ఫలితాలంత ఉత్కంఠ. ఆ మైదానానికి వందేళ్ళు నిండిన ఏడాది వేసవి కప్పు గెలిచింది క్యోటో ఇంటర్నేషనల్ హైస్కూల్. 1947లో అక్కడి కొరియన్ల పిల్లల కోసం మొదలైన బడి అది. 1999లో జట్టు పెట్టి ఆడిన తొలి అధికారిక మ్యాచ్‌లో 0-34తో ఓడింది. ఇప్పుడు అక్కడ చదివే పిల్లల్లో ఎక్కువమంది జపనీయులే, చాలామంది బేస్‌బాల్ కోసమే చేరతారు. గెలిచిన బడి పాట మైదానంలో పాడటం ఆనవాయితీ కాబట్టి ఆ జపాన్ కుర్రాళ్ళు వరుసగా నిలబడి కొరియన్ భాషలో తమ బడి పాట పాడారు, దేశమంతా టీవీలో చూసింది. కొందరు ఇంటర్నెట్‌లో విషం కక్కారు. కుర్రాళ్ళు మాత్రం పాట పూర్తిచేశారు.

ఈ ముచ్చట మనకెందుకు చెబుతున్నామంటే, 2008లో తొలి ఐపీఎల్‌లో షాహిద్ అఫ్రిది డెక్కన్ చార్జర్స్ చొక్కా వేసుకుంటే ఉప్పల్ స్టేడియం ఈలలు వేసింది. ఆ ఏడాది ముంబై దాడుల తర్వాత పాకిస్తాన్ ఆటగాళ్ళకు ఆ తలుపు మూసుకుపోయింది. నిరుడు సెప్టెంబరులో దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్‌ను మన తిలక్ వర్మ 69 నాటౌట్‌తో గెలిపించినా, కరచాలనాలు లేవు, కప్పు అందుకోవడమూ లేదు. పహల్గాం నెత్తురు ఆరకముందు జరిగిన మ్యాచ్‌ను ఇంకోలా చూడలేదని ఎవరినీ తప్పుపట్టలేం. రెండు సందర్భాలూ ఒకటి కావు కూడా. జపాన్, కొరియా మధ్య ప్రాణాలు తీసే సరిహద్దు లేదు. అయినా 2019లో జపాన్ ఎగుమతుల ఆంక్షలు పెట్టి, కొరియన్లు జపాన్ బీరు, బట్టలు బహిష్కరించిన ఏడాది నవంబరులో కూడా ఇద్దరూ టోక్యో డోమ్‌లో ఫైనల్ ఆడారు. ఆ తలుపు వాళ్ళు మూయలేదు. తలుపు తెరిచే ఉన్నా, ఒకడే గెలుస్తూ పోతే లోపలికి వచ్చి చూసేవాడు ఎవడన్నది ఇప్పుడు వాళ్ళకు ఎదురైన సమస్య.

జపాన్ చేతిలో ఓడిన ప్రతిసారీ కొరియాలో వినబడే మాట ‘గుండెధైర్యం లేదు’ అని. మేం ఒప్పుకోం. జపాన్‌లో బేస్‌బాల్ జట్టున్న హైస్కూళ్ళు మూడున్నర వేలకు పైనే. కొరియాలో వంద చుట్టుపక్కల. ఆ వందలోంచి వచ్చిన పిల్లలు లీగ్‌లో చేరాక ప్రతి జట్టులోనూ ముఖ్యమైన పిచ్చర్ల స్థానాలు విదేశీయులకే పోతున్నాయి. 2025 దాకా ప్రతి క్లబ్బుకూ ముగ్గురు విదేశీయులను తీసుకునే వీలుంటే అందులో ఇద్దరు మామూలుగా పిచ్చర్లే. ఇక సొంతవాడికి పెద్ద మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్ విసిరే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? నిరుడు నవంబరులో రెండు మ్యాచ్‌లలో కలిపి కొరియా పిచ్చర్లు ఇచ్చిన వాక్‌లు ఇరవై దాటాయి. బంతి సరైన చోట పడిందా లేదా అన్న స్ట్రయిక్ నిర్ణయం యంత్రానికి అప్పగించిన లీగ్‌లో ఆడి ఆడి మనిషి అంపైర్ ముందు తడబడ్డారని సర్దిచెప్పినవాళ్ళున్నారు. అది కొంతవరకే నిజం. అసలు కారణం, మాకు తోచినంతలో, లీగ్ మరీ సుఖంగా ఉండటం. 2024లో మొదటిసారి కోటిమంది ప్రేక్షకులు దాటారు, నిరుడు ఇంకా పెరిగారు. చీర్ పాటలు, వేపుడు కోడి, బీరు, నిండిన గ్యాలరీ. ఇంట్లో పెళ్ళిలా ఉంటే పొరుగింటివాడితో పోటీ ఎవరికి గుర్తొస్తుంది?

జపాన్‌కూ ఇందులో నష్టం ఉంది. 2015లో సెమీస్‌లో ఓటమి రుచి చూపించింది కొరియానే. ఆ రోజు జపాన్ పిచ్చర్ ఒహ్తాని ఏడు ఇన్నింగ్స్‌లలో ఒక్క హిట్ ఇచ్చి 11 మందిని స్ట్రయిక్‌లతో ఔట్ చేసి పంపించాడు. 3-0 ఆధిక్యం ఉందని అతణ్ణి పక్కన కూర్చోబెట్టాక, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో లీ డే-హో హిట్‌తో స్కోరు 4-3కు తిరగబడింది. పిచ్చర్లను ఎప్పుడు మార్చాలన్న పాఠాన్ని ఆ రాత్రికన్నా బాగా జపాన్‌కు ఎవరూ నేర్పలేదు. అంతటి పోరును ఈసారి జపాన్‌లో నెట్‌ఫ్లిక్స్ చందా కట్టినవాళ్ళకే చూపిస్తున్నారు. మామూలు టీవీలో లేదు. తాతా మనవడూ ఒకే గదిలో కూర్చుని చూసే మ్యాచ్‌ను చందాల వెనక దాచడం ఏ లెక్కన లాభమో నిర్వాహకులే చెప్పాలి.

రెండు లీగ్‌లూ కూర్చుని ఏటా ఒక సిరీస్ ఖాయం చేసుకోవాలి. నిరుటిలా టోక్యోలో మాత్రమే కాదు, ఒక ఏడాది అక్కడ, ఒక ఏడాది సియోల్‌లో. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌తోపాటే బేస్‌బాల్ కూడా తిరిగి వస్తోంది, ఆరు జట్లకే చోటు. మ్యాచ్‌లు జరిగేది ఇచిరో ఎనిమిదో బంతి కొట్టిన ఆ డాడ్జర్ స్టేడియంలోనే. ఇద్దరికీ అక్కడ చోటు దొరుకుతుందన్న హామీ లేదు.

శనివారం మధ్యాహ్నానికి మాత్రం మేం తటస్థులం కాము. ఒహ్తాని ఆటంటే మాకూ ప్రాణమే, జపాన్ గెలుపు గుర్రమనీ తెలుసు. అయినా మా మొగ్గు కొరియా వైపే. పదేళ్ళకు పైబడిన బాకీ ఒకటి ఆ జట్టు మీద ఉంది, తీర్చాల్సింది ఆ డోమ్‌లోనే.