నీళ్లలో పూడిక, లారీలో ఇసుక

ధవళేశ్వరం బ్యారేజీ ఎగువన గోదావరి అడుగు నుంచి డ్రెడ్జింగ్ పడవలు తోడేదాన్ని కాగితాల మీద పూడిక అంటారు. అదే సరుకు ఏటిగట్టెక్కి లారీలో పడగానే ఇసుక అవుతుంది. పేరుతో పాటు రూలూ మారిపోతుంది. ఇసుక తవ్వాలంటే పర్యావరణ అనుమతి కావాలి. పూడిక తీస్తున్నామంటే అక్కర్లేదు. ఈ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని ఏ పార్టీ అధికారంలో ఉన్నా నదిని తోడిస్తూనే వచ్చింది.

2016 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఈ మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే అది బ్యారేజీలు, జలాశయాలు, కాలువల నిర్వహణకు, విపత్తుల నివారణకు తీసే పూడికకే వర్తిస్తుంది. మరి ఇక్కడ తీసేది బ్యారేజీ బాగు కోసమా, టన్నుల లెక్కన లారీలు నింపడానికా? జవాబు కోసం ఇంజినీర్లను అడగాల్సిన పని లేదు. ర్యాంపు దగ్గర బారులు తీరిన లారీలను చూస్తే చాలు. పూడికే సమస్య అయితే బురద పేరుకున్నచోట కూడా తీయాలి కదా! ఇంటి నిర్మాణానికి పనికొచ్చే ఇసుక ఉన్నచోటికే పడవలు ఎందుకు వెళ్తున్నాయి?

తవ్వకాన్ని సమర్థించేవాళ్లు బ్యారేజీలో మేట వేస్తే సాగునీటికి ఇబ్బందేనని, ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇసుక కావాలని, పడవ కార్మికులూ బతకాలని అంటున్నారు. కాదనం. కానీ వీటిలో ఏదీ ఇసుకను పూడిక అని రాసుకోవడానికి సాకు కాదు.

నది మోసేది నీళ్లను మాత్రమే కాదు. త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి దారి పొడవునా మట్టినీ ఇసుకనూ మోసుకొస్తుంది. పాపికొండల ఇరుకులోంచి బయటపడి పోలవరం దాటాక దాని వేగం తగ్గుతుంది. వేగం తగ్గేకొద్దీ మోత దింపేస్తుంది. ముందు ముతక ఇసుక, తర్వాత సన్న ఇసుక, చివరికి ఒండ్రు. మనం మురిసిపోయే కోనసీమ అంతా అలా దింపిన మోతే. కాకినాడ రేవుకు అలల నుంచి కాపు కాస్తున్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి పోసిన ఇసుకే.

ఇలా ఏర్పడిన నేల మెత్తన. తన బరువుకు తానే ఏటా కాస్త కుంగుతుంది. ఆ కుంగిన మేర వరద కొత్త మట్టి పోస్తేనే డెల్టా సముద్రానికి పైన నిలుస్తుంది. ఎగువ డ్యాములు ఇప్పటికే ఆ మట్టిలో చాలాభాగం ఆపేశాయి. 1970వ దశకంలో గోదావరి ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 2000-06 నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి మరీ ఘోరం. 1960ల చివర్లో 90 లక్షల టన్నులు ఉన్నది 2000-05 కల్లా 4 లక్షల టన్నులకు దిగజారింది. 1965 నుంచి 2008 వరకు ఈ రెండు డెల్టాల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయింది. వరదకు ధవళేశ్వరంలో 175 గేట్లూ ఎత్తినప్పుడు దిగువకు వెళ్లాల్సిన ఇసుకను ఇంత మట్టి కరువులోనూ పూడిక పేరుతో లారీలకెత్తుతున్నారు.

వరద తీశాక లంక గ్రామాలకు వెళ్లి చూడండి. నిలువునా తెగిన గట్టు అంచున కొబ్బరిచెట్టు వేళ్లు గాల్లో వేలాడుతుంటాయి. చుట్టూ మట్టి పోయి బోరు పైపు ఒక్కటే నీళ్లలో నిలబడి ఉంటుంది. నిరుడు అక్కడ అరటితోట. వరదకు ఒడ్డు కోసుకుపోవడం కొత్త కాదు, ఒకచోట కోసి మరోచోట మేట వేయడం నదికి సహజం. కానీ అడుగున గుంత తవ్వితే లెక్క తప్పుతుంది. పైనుంచి వచ్చే నీరు గుంతలోకి దూకుతూ దాని అంచును కోస్తుంది. ఆ కోత ఎగువకు పాకి, వంతెన ఉంటే దాని పునాదుల దాకా వెళ్తుంది. గుంతలో ఇసుక దింపేసిన నీటికి సత్తువ మిగిలిపోతుంది. ఆ సత్తువతో దిగువ గట్లను కోస్తుంది. అప్పుడు ప్రభుత్వమే కోట్లు పోసి ఆ గట్లకు రాళ్లు పేరుస్తుంది. సముద్రం కోసేస్తున్న కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరంలోనూ రాళ్లే పోస్తున్నారు. అక్కడి కోతకు అలల తీరు వంటి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఒకపక్క నది ఇసుక అమ్ముకుంటూ మరోపక్క తీరానికి రాళ్లు కొనడం ఏం పరిపాలన?

ఈ పూడిక మాట ఒక్క ధవళేశ్వరంతో ఆగలేదు. తెలంగాణలోనూ గోదావరి బ్యారేజీల వెనక ఇసుకను ఇదే పేరుతో అమ్మారు. అక్రమ ఇసుక తవ్వకాలను అడ్డుకోలేదని 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంధ్రప్రదేశ్‌ను 100 కోట్ల రూపాయలు జమ చేయమంది. అప్పుడైనా కళ్లు తెరవాల్సింది. ఇవాళ ఇక్కడ పూడిక అంటే చెల్లిపోయిందని రేపు పెన్నాలో, నాగావళిలో, వంశధారలో అదే మాట చెప్తారు. అడ్డుకోవడానికి ఏ శాఖకూ నోరు రాదు.

పాలకులారా, బ్యారేజీలో పూడిక ఎంతుందో, అందులో ఎంత తీస్తే చాలో కొలిచిన సర్వే ఉంటే ప్రజల ముందు పెట్టండి. లేదంటే ఇసుకను ఇసుక అనే పిలవండి, దానికి కావాల్సిన అనుమతులు తెచ్చుకోండి. 3 మీటర్ల లోతు దాటకూడదన్న నిబంధన, వానాకాలంలో తవ్వకూడదన్న నిబంధన మీకూ వర్తిస్తాయి. అది చేతకాకపోతే డ్రెడ్జర్లను ఒడ్డుకు కట్టేయండి. 2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకు రంగులేసి, గోదారమ్మా అని దండం పెట్టి, ఆ తల్లి ఒడిలోనే మోటార్లు దింపుతామంటే చూస్తూ ఊరుకునేది లేదు. హారతి పళ్లెం పట్టుకునే ముందు ఆ పడవల సంగతి తేల్చండి.