మా కారు ముందు ఎడమ చక్రం పక్కకు తిరిగినా దానికి ఇంజను తిప్పుడు అందించే మహారాజశ్రీ సీవీ జాయింటు గారికి

నమస్కారాలు. మేము ఇక్కడ క్షేమం. మీ క్షేమం విచారించడంలో ఆరు నెలలు ఆలస్యం చేశానని మెకానిక్ తేల్చాడు.

మీరు మొదటిసారి నోరు విప్పింది మా సందు మలుపులో. కారు కుడికి తిప్పగానే ఎడమ చక్రం దగ్గర టక్, టక్. నెమ్మదిగా పోతే విలంబితం, వేగం పెంచితే ద్రుతం. ఎదురింటి మాస్టారు గేటు దగ్గర నిలబడి విని, "కారులో చెక్కభజన పెట్టించారా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. మర్నాటి నుంచి మలుపు రాగానే రేడియో చప్పుడు పెంచడం మొదలుపెట్టాను. మీకు నేను చేసిన తొలి వైద్యం అదే.

రెండో వైద్యం ఇంకా ఘనమైనది. తిన్నగా పోతే మీరు పలకరు, ఎడమకు తిప్పినా పలకరు, కుడికి తిప్పితేనే గొడవ. అందుకని కుడికి తిరగడమే మానేశాను. కూరగాయల బజారుకు కుడివైపే తిరగాలి. మూడుసార్లు ఎడమకు తిరిగితే కుడికి తిరిగినట్టేనని లెక్క కట్టి, కాలనీకి ప్రదక్షిణ చేసి చేరేసరికి, నడిచి వచ్చిన మా ఆవిడ అప్పటికే వంకాయలు బేరమాడుతోంది.

మూడో వైద్యానికి డబ్బు ఖర్చయింది. తెలిసినవారు చెప్పారని బ్రేకు ప్యాడ్లు మార్పించాను, వీల్ అలైన్‌మెంట్ చేయించాను. పాపం, వాటికి ఏ రోగమూ లేదు.

అసలు మీ ఉద్యోగం ఏమిటో తెలిశాక సిగ్గేసింది. అంబాసిడర్‌లో ముందు చక్రాలది తిరిగే పని, తోసే పని వెనక చక్రాలది. 1983లో మారుతి 800 వచ్చి రెండు పనులూ ముందు చక్రాల నెత్తినే పెట్టింది. ఆ రెంటికీ మధ్యవర్తి మీరు. మామూలు అడ్డకీలు జాయింటును (యూనివర్సల్ జాయింటును) వంచి తిప్పితే ఒక్కో చుట్టులో రెండుసార్లు వడి పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. చక్రం ఎంత వంగినా వడి మారకూడదని 1920లలో ఫోర్డు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ జెప్పా గాడుల్లో ఆరు ఉక్కు గుండ్లను కూర్చి మీ వంశానికి మూలపురుషుడయ్యాడు. ఇంత చదువుకున్న మిమ్మల్ని మా ఊరి గుంతల మీద నడిపించాను.

చివరికి ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకువెళ్లాను. మెకానిక్ కారు కిందికి దూరి, మీ గ్రీజు కారకుండా, దుమ్ము చేరకుండా కప్పి ఉంచే రబ్బరు బూటు మడతల్లో ఒకదాన్ని బొటనవేలితో విప్పి చూపించాడు. వేలెడు చీలిక. అందులోంచి చిమ్మిన గ్రీజు చక్రం లోపలి అంచంతా నల్లగా, మీద దుమ్ము అంటుకొని గరుకుగా ఉంది. లోపల మిగిలిన కాస్త గ్రీజునూ వేళ్ల మధ్య నలిపి, "ఇసుక సార్" అన్నాడు. అంటే ఆరు నెలలుగా మీరు ఇసుక పోసిన రుబ్బురోలులా తిరుగుతున్నారన్నమాట. మరి ఒక్క మాట అడగనివ్వండి. గ్రీజు కారినన్నాళ్లూ కిక్కురుమనలేదే? చప్పుడు చేసే నాటికి గాడులే అరిగిపోయాయి. "చిరిగినప్పుడే వస్తే బూటుతో పోయేది సార్" అన్నాడతను. బూటు వందల్లో, మీరు అమరి ఉన్న షాఫ్టు వేలల్లో. మీ మర్యాద నాకు బాగా ఖరీదైంది.

హబ్ నట్టు ఊడదీయడానికి పానాకు గొట్టం తొడిగి కుర్రవాడు దాని మీద ఎక్కి నిలబడ్డాడు. షాఫ్టు లాగగానే గేరుబాక్సు ఆయిల్ బేసిన్‌లోకి దూకింది. "ఆయిల్ సీలు కూడా వేసేద్దాం" అన్నాడు మెకానిక్. వేసెయ్యమన్నాను. అప్పటికి ఏమి అడిగినా ఒప్పుకునే స్థితిలో ఉన్నాను.

మిమ్మల్ని విప్పిన కుర్రవాడు ఆ ఆరు గుండ్లనూ కిరోసిన్‌లో కడిగి నా చేతిలో పోశాడు. ఇంటికి తెస్తే మా అబ్బాయి గోలీలన్నాడు. నేల మీద ఒక్కొక్కటే దొర్లించి చూశాడు. నాలుగు తన జేబులో వేసుకున్నాడు. గుంట పడిన రెండింటినీ, "ఇవి వంకరగా పోతున్నాయి నాన్నా, నువ్వే ఉంచుకో" అని నా బల్ల మీద పెట్టాడు. ఈ కాగితం ఎగిరిపోకుండా ప్రస్తుతం అవే కాపలా కాస్తున్నాయి.

ఇట్లు,
రేడియో చప్పుడు తగ్గించిన మీ యజమాని