మిరపకాయే మూలం: రాయబోయే మహాగ్రంథానికి ముందుమాట

మా బావగారు డాలస్ నుంచి వచ్చేటప్పుడు ఇదివరకు చాక్లెట్లు, బాదంపప్పు తెచ్చేవారు. ఈ మూడేళ్లుగా మానవజాతి చరిత్ర తెస్తున్నారు. ఒక్కో పుస్తకం నాలుగైదు వందల పేజీలు. అట్ట మీద పుర్రె బొమ్మో, గోధుమ కంకో, భూగోళమో ఉంటుంది. లోపల మొదటి అరవై పేజీల దాకా పసుపు రంగు గీతలుంటాయి. అక్కణ్ణుంచి పేజీలు బీరువాలో దాచిన పెళ్లి పట్టుచీరలా మడత నలగకుండా ఉంటాయి.

అయినా ఆ అరవై పేజీల్లోనే ఆయనకి అంతా అర్థమైపోయింది. మొన్న మే నెలలో భోజనాల దగ్గర పప్పన్నం కలుపుకుంటూ, "ఏమోయ్, మనం అన్నం తింటున్నామని నువ్వనుకుంటున్నావు. నిజానికి వేల ఏళ్లుగా అన్నమే మనల్ని తింటోంది" అన్నారు. మా అమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. "అది మిమ్మల్ని తినేలోగా మీరు రెండు ముద్దలు తినండి బాబూ, చల్లారిపోతోంది" అంది.

ఆ పూటే నిశ్చయించుకున్నాను, నేనూ ఒకటి రాయాలని.

ఈ పుస్తకాల కిటుకు పట్టడం కష్టమేమీ కాదు. ముందు ఒక వస్తువు దొరకాలి. ఉప్పు, పంచదార, పత్తి, బంగాళాదుంప, దోమ, వీటన్నిటినీ ఇప్పటికే ఎవరెవరో పట్టేసుకున్నారు. ఒక్కొక్కటీ విడివిడిగా ప్రపంచాన్ని సమూలంగా మార్చేసింది. ఇన్నిసార్లు మారిన ప్రపంచంలో మా వీధి డ్రైనేజీ ఒక్కటే ఎందుకు మారలేదో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. సరే, వస్తువు దొరికాక దాన్ని 12 అధ్యాయాల పాటు వదలకూడదు. మొదటి అధ్యాయంలో ఒక ఆదిమానవుడు కొండ అంచున నిలబడి దూరంగా చూస్తుండాలి. అతను ఏం ఆలోచిస్తున్నాడో రచయితకి తెలిసుండాలి. మా పక్కింటాయన ఏమనుకుంటున్నాడో నాకు పాతికేళ్లుగా తెలియదు గానీ, ఆదిమానవుడి సంగతి ఫర్వాలేదు, చెప్పగలను.

నాకు దొరికిన వస్తువు మిరపకాయ.

మెక్సికో ప్రాంతంలో మనుషులు ఆరు వేల ఏళ్ల కిందటే దీన్ని తింటున్నారు. 1492లో కొలంబస్ మిరియాల కోసం బయల్దేరి, దారి తప్పి అటువైపు తేలాడు. అక్కడి మనుషుల్ని చూసి ఇండియన్లన్నాడు. అక్కడి కాయను రుచి చూసి మిరియమే అన్నాడు. ఆ రెండు పొరపాట్లూ ఇప్పటికీ చెలామణీలోనే ఉన్నాయి. ఆరేళ్ల తర్వాత, 1498లో, వాస్కోడగామా కోళికోడ్ చేరాడు. 1510లో పోర్చుగీసు వాళ్లు గోవా పట్టుకున్నారు. ఆ శతాబ్దంలోనే వాళ్ల ఓడల మీద మిరపకాయ మన గడ్డ మీద దిగింది. మనం మాత్రం తక్కువ తిన్నామా? తమిళులు తమ 'మిళగు' అనే మిరియం పేరుకే కాయ తగిలించి 'మిళగాయ్' చేశారు. మన మిరపలోనూ ఆ మిరియం వాసనే. కొత్తగా వచ్చిన అల్లుడికి పాత అల్లుడి పంచె కట్టబెట్టినట్టు అన్నమాట.

మా అపార్ట్‌మెంటులో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఈ సంగతి చెప్పగానే ఆయనకి బీపీ పెరిగింది. "మిరపకాయ విదేశీదా? అంటే రాముడు వనవాసంలో చప్పిడి పచ్చడి తిన్నాడంటావా?" అన్నారు. నేను నీళ్లు నములుతుంటే మా అమ్మే జవాబిచ్చింది. "మరి ఆబ్దికం వంటలో మిరపకాయ వెయ్యం కదండీ. మిరియాలే వేస్తాం. మా అత్తగారి కాలం నుంచీ అంతే. పితృదేవతలకి అలవాటు లేదుగా." పరిశోధకులు తవ్వకాలు జరిపి, పాత కుండల అడుగున గీకి తెలుసుకునే విషయం మా వంటింట్లో ఏడాదికోసారి విస్తట్లో వడ్డిస్తున్నారు. కాని దీన్ని పుస్తకంలో మా అమ్మ పేరు మీద వేస్తే ఎవరూ నమ్మరు. ఏదైనా విశ్వవిద్యాలయం పేరు చూడాలి.

ఇక సిద్ధాంతం. తెలుగువాడి రోషం, పంతం, ఎన్నికల ఉపన్యాసం, సినిమా డైలాగు, అన్నిటికీ మూలం మిరపకాయే. సిద్ధాంతం ఎప్పుడూ ఒక వాక్యంలో ఒదగాలి, బావగారు ఫోన్లో చెప్పడానికి వీలుగా. చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దంలో జరిగింది. కోడిపందెం దగ్గర మొదలై కారంపూడి దాకా రక్తం పారింది. అప్పటికి ఈ దేశంలో ఒక్క మిరప మొక్క లేదు. ఊరి పేరులో కారం ఉంది గానీ ఊళ్లో మిరపకాయ లేదు. రుద్రమదేవి కత్తి పట్టిందీ మిరియాల కాలంలోనే. శ్రీనాథుడు పల్నాడు వెళ్లి అక్కడి రాళ్లనీ, తేళ్లనీ, జొన్నకూటినీ కలిపి తిట్టాడని చాటువు ఉంది. ఆ తిట్లూ మిరప రాకముందువే. అయినా మహా ఘాటుగా ఉన్నాయి. వీటన్నిటినీ 'పూర్వరంగం' అని పేరుపెట్టి పేజీన్నరలో తేల్చేస్తాను.

ఇంకో ఇబ్బంది పెరూలో ఉంది. 1532లో స్పెయిన్ సేనాని పిజారో 168 మందితో కహమార్కా చేరి, అక్కడి ఇన్కా సామ్రాజ్యపు చక్రవర్తిని బందీగా పట్టుకున్నాడు. అక్కడ తరతరాలుగా మిరపకాయ తిన్నవాళ్లే ఓడారు. గెలిచినవాళ్లకి దాని పేరు తెలిసి నిండా నలభై ఏళ్లు. దీనికి మందు సిద్ధంగా ఉంది: గుర్రాలు, ఉక్కు, మశూచి. మూడు మాటలు రాసి తర్వాతి పేరాలోకి దూకాలి. అసలు ఓడల్లో తెచ్చిన పోర్చుగీసువాళ్లే లిస్బన్‌లో ఇంటింటా గొడ్డుకారం ఎందుకు కలుపుకోరని మీరడగొచ్చు. ఆ ప్రశ్న నా పుస్తకంలో రాదు. రాకుండా చూసుకున్నాను.

సైన్సు అధ్యాయం లేకపోతే పుస్తకానికి పెద్దరికం రాదు. ఆ అధ్యాయం మా మేడమీదే దొరికింది. ఆవకాయ కోసం దుప్పటి పరిచి ఎండబెట్టిన మిరపకాయలకి అమ్మ తొడిమలు తుంచుతోంది. బావగారు సాయం పట్టారు. ఓ అరగంట బాగానే గడిచింది. ఆ తర్వాత ఆయన కళ్లజోడు తీసి, అదే చేత్తో కన్ను నలుపుకున్నారు. ఆయన వేసిన కేకకి పక్క మేడమీద పావురాలు లేచిపోయాయి. ఎన్ని నీళ్లు కొట్టినా చేతుల మంట తగ్గదే! "నీళ్లకి పోదు బాబూ, చేతులకి ముందు కొబ్బరినూనె రాయండి" అంది అమ్మ.

జరిగింది ఇదీ. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అది రుచి కాదు, నొప్పి. మన నరాల చివర వేడిని కనిపెట్టే ఒక గ్రాహకం ఉంది. 43 డిగ్రీలు దాటితే అది మేలుకుని, కాలుతోందని మెదడుకి కబురు పెడుతుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే కబురు. 1997లో దీన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. పక్షుల్లో ఆ గ్రాహకం క్యాప్సైసిన్‌ని లెక్కచేయదు. అందుకే పిట్ట పండుమిరప తిని, గింజల్ని నమలకుండా మింగి, ఎక్కడో విసర్జిస్తుంది. మొక్కకి కావలసిందీ అదే. గింజ నమిలే జంతువులు దూరంగా ఉండాలని అది ఏర్పాటు చేసుకున్న మంట ఇది. మొక్క తగిలించుకున్న 'లోపలికి రావద్దు' బోర్డుని మనం టిఫిన్ సెంటర్ బోర్డనుకుని లోపలికొచ్చి కూర్చున్నాం. నొప్పిని రుచి అని నమ్మి, ప్రతి పూటా మళ్లీ వడ్డించుకునే జాతి మనది. ఈ ముక్కకి ఎన్నికల మీద కూడా ఒక అధ్యాయం రాయొచ్చుగానీ, పబ్లిషరు వద్దన్నాడు.

వేడి దేశాల్లో మసాలా ఎక్కువ ఎందుకన్నదానికీ ఒక మంచి కథ ఉంది. 1998లో ఇద్దరు పరిశోధకులు 36 దేశాల నుంచి నాలుగున్నర వేలకు పైగా వంటకాలు పోగేశారు. ఎండ ఎక్కువున్నచోట తిండి త్వరగా పాడవుతుంది, మసాలాలు సూక్ష్మజీవుల్ని చంపుతాయి, అందుకే అక్కడ మసాలా ఎక్కువ అన్నారు. ఎంత చక్కగా కుదిరింది! బావగారికి ఇది కంఠతా వచ్చు. 2021లో ఇంకొందరు 33 వేలకు పైగా వంటకాలు పరిశీలించి, అలా తేల్చడానికి ఆధారం చాలదన్నారు. రెండు అంకెలు కలిసి నడిచినంత మాత్రాన ఒకదానికి ఇంకొకటి కారణం కాదని చెప్పడానికి, మసాలా ఎక్కువ తినే దేశాల్లో రోడ్డు ప్రమాదాల చావులూ ఎక్కువేనని చూపించారు. వాళ్లు హెచ్చరికగా చెప్పినది నాకు వరంలా దొరికింది. తొమ్మిదో అధ్యాయం: 'ఆవకాయ, ఆటో, అకాలమరణం.' 1998 పరిశోధన పెద్దక్షరాల్లో వస్తుంది. 2021ది పుస్తకం చివర, చీమ తల కన్నా చిన్న అక్షరాల్లో.

2021 మిరపకి విచిత్రమైన సంవత్సరం. స్టాక్‌హోంలో దాని పేరు చెప్పి నోబెల్ ఇచ్చిన ఆ సీజన్లోనే ఆంధ్రలో, తెలంగాణలో మిరపతోటల మీద నల్ల తామరపురుగు పడింది. పూతలోకి దూరి రసం పీల్చేసింది. కాయ నిలవలేదు. పెట్టుబడి పెట్టిన చేతులతోనే రైతులు తోటలు పీకేశారు. ఇది ఏ అధ్యాయంలో వెయ్యాలో తోచలేదు. ఆరు వేల ఏళ్ల కథలో కౌలు డబ్బు కట్టలేని రైతు ఎక్కడ నిలబడాలి? అతన్ని నిలబెడితే వెనకాల భూగోళం కనబడదు.

ఈ రకం పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా నచ్చే సుఖం ఇదే. ఎవరి తప్పూ ఉండదు. 1845లో ఐర్లండులో బంగాళాదుంపకి తెగులు పట్టింది, పది లక్షల మంది పోయారు. తెగులుకి రంగుల బొమ్మ వేస్తారు. ఆ కరువులోనే ఐర్లండు రేవుల నుంచి ధాన్యం, పశువులు ఎక్కించుకుని ఇంగ్లండుకి పోయిన ఓడలకి బొమ్మ ఉండదు. మన దగ్గరా అంతే. 1876లో వానలు మొహం చాటేశాయి. రాయలసీమ, బళ్లారి మాడిపోయాయి. అది ఆకాశం చేసిన పని. కరువు పనుల్లో రాళ్లు కొట్టే కూలీకి రోజుకి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం చాలని లెక్క గట్టింది ఆకాశం కాదు, కరువు సంగతి చూడమని బ్రిటిష్ సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్. ఇలాంటి పేర్లు వస్తే పుస్తకం పాడవుతుంది. దుంపో, వానో, పురుగో నడుపుతున్న చరిత్రలోకి జీతం తీసుకునే మనిషి ఒకడు సంతకం పెట్టుకుంటూ వస్తే, చదివేవాడికి రాత్రి నిద్ర పట్టదు. బావగారు పడుకునే ముందు చదువుతారు.

ధవళేశ్వరం సంగతే తీసుకోండి. 1832-33లో గుంటూరు సీమలో జనం డొక్కలు ఎండి చచ్చారు. ఆ తర్వాత పదిహేనేళ్లకి కాటన్ గోదావరికి అడ్డంగా ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. డెల్టా పచ్చబడింది. తర్వాతి శతాబ్దమంతా ఆ పచ్చదనం చదువుల్లోకి, వ్యాపారాల్లోకి, సినిమాల్లోకి పాకింది. ఇందులో మిరపకాయ ఎక్కడుంది? మరేం ఫర్వాలేదు. రాళ్లు మోసినవాళ్లు సంగటిలో నంజుకున్నది ఏమిటని అడుగుతాను. ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తే చాలు, మిగతాది పాఠకుడే నమ్ముకుంటాడు.

పబ్లిషరు దగ్గరికి వెళ్లాను. పాత మిత్రుడే.

"చరిత్రా? ఏ కులంవాళ్లకి కోపం వస్తుంది?"

"మిరపకాయకి కులం లేదురా."

"మరి కొనేదెవరు?" కాసేపు ఆలోచించి, "పోనీ, మిరపకాయ ఆంధ్రదా, తెలంగాణదా? గుంటూరు సన్నం అని రాస్తే వరంగల్ చపాటా వాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు.

"మెక్సికోది."

"అది చివరి పేజీలో చెప్పు."

ఆవకాయ కలిపే రోజు వచ్చింది. కొట్టించి తెచ్చిన మామిడి ముక్కల్ని అమ్మ గుడ్డతో తుడిచి బేసిన్‌లో వేసింది. ఆవపిండి, ఉప్పు, మెంతులు, నువ్వులనూనె చుట్టూ పెట్టుకుంది. బావగారు కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. ఈసారి నేనే అందుకున్నాను. ఇందులో మామిడి మనది, నువ్వులు మనవి, ఆవ ఎప్పటినుంచో మన దగ్గరున్నదే, అమెరికాది ఒక్క కారమేనన్నాను. పేరులో కూడా ఆవే ఉంది గానీ కారం లేదు, అంటే ఒకప్పుడు ఘాటంతా ఆవదే అయ్యుంటుంది, కారం వచ్చి ఇల్లు ఆక్రమించినా గుమ్మం మీద పాత పేరే మిగిలిందన్నాను. ఇది నా సొంత ఊహ. బావగారు ఫోన్లో రాసుకున్నారు. వచ్చే నెలకి డాలస్‌లో ఇది నిరూపితమైన సత్యం అయిపోతుంది. నా ఉపన్యాసం కొలంబస్ మీదుగా పోర్చుగీసు ఓడ ఎక్కి గోవా రేవులో దిగబోతుండగా అమ్మ చెయ్యి ఆపింది.

"కాస్త ఆగరా. కారం రెండు గిన్నెలు వేశానా, మూడా? మీ కొలంబస్ గోలలో లెక్క తప్పాను."

ఇద్దరికీ తెలియదు. బావగారు రుచి చూడటానికి చెయ్యి చాచి, మేడమీద సంగతి గుర్తొచ్చి, వెనక్కి తీసుకున్నారు.